పళ్ళెం మీద ఊరి పేరు

2013లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదవడానికి బయలుదేరే ముందు మా అమ్మ నన్ను సోంపేట బజారుకు తీసుకువెళ్ళి ఒక స్టీలు పళ్ళెం, ఒక గ్లాసు కొని, కొట్లోనే వాటి మీద నా పేరు, దాని కింద మా ఊరి పేరు చెక్కించింది. మా వైపు పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు సామాను పెట్టేటప్పుడు పేరు చెక్కించి ఇవ్వడం ఆనవాయితీ. ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యం జరిగినా వీధిలోని గిన్నెలన్నీ ఒకచోట చేరి, పని అయ్యాక ఆ పేర్లను బట్టే మళ్ళీ ఎవరింటివి వారింటికి వెళతాయి. ఎంతమందిలో కలిసిపోయినా పేరున్న వస్తువు తిరిగి ఇంటికి వస్తుందన్నది ఆమె నమ్మకం. పేరు ఒక్కటి చాలదా, ఊరి పేరు కూడా ఎందుకని నేనడిగితే, "ఊరు లేకుండా పేరేటి నాయినా" అంది.

హాస్టల్లో చేరిన వారానికే ఆ ఊరి పేరు నాకు బరువైంది. ఒక రాత్రి భోజనాల వేళ ఎవరో "తిన్నావా?" అని అడిగితే, ఇంట్లో చెప్పినట్టే "తినీసినాను" అన్నాను. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒకరిద్దరు ఆ మాటను అదే యాసలో మళ్ళీ పలికారు. ఎగతాళి చేశారో, కొత్త మాట విని ముచ్చటపడ్డారో ఇప్పుడు చెప్పలేను. ఆ రెంటికీ తేడా కనిపెట్టేంత నిబ్బరం ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో నాకు లేదు. ఆ తరవాత చాలా రోజులు, ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తే ముందు ఆ వాక్యాన్ని మనసులో పుస్తకాల భాషలోకి మార్చుకొని, తప్పు లేదని నమ్మకం కుదిరాకే పైకి అనేవాణ్ణి. నేను వాక్యం సరిచేసుకొనేలోగా ఎదుటివారి మాట వేరే విషయం మీదికి వెళ్ళిపోయేది. మెస్సులో వరుసలో నిలబడినప్పుడు పళ్ళెం మీద ఊరి పేరున్న చోట బొటనవేలు ఆనించి పట్టుకొనేవాణ్ణి.

ఆ ఏడాది చదువులు మామూలుగా సాగలేదు. జూలై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడిన నాటి నుంచి కోస్తా అంతటా సమ్మెలు, బంద్‌లు. ఆగస్టు నుంచి దాదాపు రెండు నెలలు ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. అక్టోబరు మొదట్లో విద్యుత్ ఉద్యోగులు కూడా సమ్మెకు దిగడంతో కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. దగ్గరి ఊళ్ళవారు ఇళ్ళకు వెళ్ళిపోయారు. రాకపోకల ఖర్చుకు వెనకాడేవాళ్ళం, ఇంటికి వెళితే చదువు చెడుతుందని భయపడేవాళ్ళం కొందరం మిగిలిపోయాం. అందువల్ల నాకు విశ్వవిద్యాలయం తరగతి గదిలో మొదలు కాలేదు; పొడవాటి బల్లలు, గోడకు ఆనించిన బియ్యం బస్తాలు, లోపలి నుంచి పోపు వాసన వచ్చే మా హాస్టల్ మెస్సులో మొదలైంది.

మా హాస్టల్లో పేర్లకన్నా ఊళ్ళే ఎక్కువగా వినిపించేవి. ఒకే పేరుగలవారు ముగ్గురు నలుగురు ఉండడంతో సీనియర్లు ఎవరినైనా ఊరి పేరుతోనే పిలిచేవారు. మా గదిలో ఒకరు రాజోలు, ఒకరు పాడేరు, నేను ఉద్దానం, అంటే శ్రీకాకుళం జిల్లాలోని మా తీర ప్రాంతం. రాజోలు వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగంలో ఎం.ఎస్సీ. చేస్తున్నాడు. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ముంచెత్తినప్పుడు అతనికి నాలుగేళ్ళు. తాతగారి భుజం మీద కూర్చొని పడిపోయిన కొబ్బరి తోటలను చూడడమే తన మొదటి జ్ఞాపకమని, అందుకే ఈ చదువుకు వచ్చానని చెప్పేవాడు. పాడేరు వృక్షశాస్త్రం. వాళ్ళది పాడేరుకు కొంత లోపలగా ఉన్న కొండ ఊరు. కాఫీ, మిరియాలు, పసుపు పండిస్తారు. అతను నాకన్నా తక్కువ మాట్లాడేవాడు. కానీ ఆ నిశ్శబ్దంలో నాకున్న బెరుకు లేదు. దారిలో ఏ చెట్టు కనిపించినా ఆగి, ఆకు తుంచి, నలిపి వాసన చూసి నడక సాగించేవాడు.

ఆ రోజుల్లో నేను నిస్సంకోచంగా మాట్లాడగలిగిన మనిషి ఒక్కరే, మా వంట మాస్టారు. ఆయనది కంచిలి దగ్గర ఊరు. నా పళ్ళెం మీది అక్షరాలను నా బొటనవేలు పక్కనుంచి ఎలా చదివారో గానీ, రెండో రోజునే గరిటె ఆపి, "ఏటి బావూ, మనోడివేనా" అన్నారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు వంటశాల గుమ్మం దగ్గర కూర్చొని ఆయన కూరగాయలు తరుగుతుంటే కబుర్లు చెప్పేవాణ్ణి. అక్కడ నా మాట నేను మాట్లాడుకోవచ్చు. నా రాత చూసి సరుకుల చిట్టీలు నాచేతే రాయించేవారు. ఆయన కొలతలు ఇంకా కుంచాల్లో, మానికల్లో ఉండేవి; నేను వాటిని కిలోల్లోకి మార్చేవాణ్ణి.

అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను వచ్చింది. అది ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతుందని వార్తల్లో చెబుతూనే ఉన్నారు. గోపాల్‌పూర్ అంటే మా ఉద్దానానికి పొరుగే. ఆ రాత్రి విశాఖలో గాలి, వాన ఉన్నాయి గానీ భయపడేంత కాదు. మా ఇంటికి మాత్రం ఫోను కలవడం మానేసింది. మాస్టారి ఇంటికీ కలవలేదు. ఇద్దరం వంటశాలలో ఆరిపోతున్న పొయ్యి దగ్గర కూర్చున్నాం. పది గంటలకు రాజోలు చేతిలో ఒక కాగితంతో వచ్చాడు. దాని మీద తీరపు గీత గీసి, తుఫాను ఎటు తిరుగుతుందో, దాని ఏ పక్కన గాలి ఎక్కువగా ఉంటుందో, మా మండలాలు ఆ గీతకు ఎటువైపు ఉన్నాయో చూపించాడు. తుఫాను కేంద్రం మాకు ఉత్తరంగా దాటుతోంది కాబట్టి సముద్రం మీది నుంచి వచ్చే పెద్ద గాలి అటు ఒడిశా వైపు పడుతుందని, చెట్లు పోవచ్చు గానీ ముందే ఊళ్ళు ఖాళీ చేయించారు కాబట్టి మనుషులకు ప్రమాదం తక్కువని నెమ్మదిగా చెప్పాడు. అర్ధరాత్రి దాటాక పాడేరు కూడా దుప్పటి కప్పుకొని వచ్చి, ఏమీ అడగకుండా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తెల్లవారేదాకా ఎవరమూ లేవలేదు. ఆ రాత్రి నేను ఏ వాక్యాన్నీ సరిచేసుకోలేదని మర్నాడు గాని నాకు గుర్తుకు రాలేదు.

మూడో రోజున ఇంటికి వెళ్ళాను. ఇల్లు నిలిచింది, మనుషులు క్షేమం. కొబ్బరి చెట్లు మాత్రం మా తోటలో సగానికి పైగా పడిపోయాయి. రాలిన కాయలను ఏంచేయాలో తెలియక నాన్న వాకిట్లో గుట్టగా పోశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక గోనె సంచి నిండా కాయలు రైల్లో తెచ్చి మెస్సులో దింపాను. మాస్టారు వాటితో వారం రోజులు పచ్చడి, కొబ్బరి అన్నం చేశారు. తింటున్నవారు ఎక్కడివని అడిగితే ఆయన గట్టిగా, అందరికీ వినిపించేలా మా ఊరి పేరు చెప్పేవారు.

డిసెంబరులో మెస్సు పుస్తకం నా చేతికి వచ్చింది. ఆ పద్ధతి తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. మా మెస్సు విద్యార్థులే నడుపుకొనేది. నెల మొత్తం సరుకులకు, గ్యాసుకు, పాలకు, కూలికి అయిన ఖర్చును కలిపి, ఆ నెలలో అందరూ తిన్న రోజుల సంఖ్యతో భాగిస్తే ఒక మనిషికి రోజుకు ఎంత పడిందో తేలుతుంది. ఎవరు ఎన్ని రోజులు తింటే వారి బిల్లు అంత. ఊరికి వెళ్ళేవారు ముందుగా పుస్తకంలో రాసి వెళితే ఆ రోజులు వారి లెక్కలో పడవు. ఈ లెక్క తప్పకుండా రాసే మనిషి కావాలి. అప్పటి సెక్రటరీ పరీక్షల ఒత్తిడిలో ఉండగా, "ఈ బావు రాత బాగుంటాది, లెక్క తప్పడు" అని మాస్టారు నా పేరు చెప్పారు. నూట ఎనభై పేర్లున్న ఆ పొడవాటి పుస్తకాన్ని మొదటి రాత్రి గదికి తెచ్చుకొని చూస్తూ కూర్చున్నాను. వారిలో నేను పలకరించినవారు పదిమంది కూడా లేరు.

ఆ రోజుల్లోనే మా విశ్వవిద్యాలయ చిహ్నం మీద ఉన్న "తేజస్వినావధీతమస్తు" అనే మాట గురించి తరగతిలో ఒక మాస్టారు చెప్పారు. తైత్తిరీయోపనిషత్తులోని శాంతి మంత్రంలో అది ఒక ముక్క; మన ఇద్దరి అధ్యయనమూ తేజోవంతం కావాలని దాని అర్థం. చిహ్నం మీదికి ఎక్కని మరో ముక్క అదే మంత్రంలో ముందు వస్తుంది: "సహ నౌ భునక్తు". మన ఇద్దరినీ కలిపి పోషించుగాక. 1926లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి చిహ్నాన్ని రూపొందించిన కౌతా రామమోహన శాస్త్రి గారు, విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆ తరవాతి ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, వీరందరి పేర్లూ మేం పరీక్షల కోసం చదువుకున్నవే. కానీ ఆ మంత్రంలో చదువుకన్నా ముందు పోషణ వస్తుందన్న సంగతి నా మనసులో నాటుకుపోయింది. మెస్సు పుస్తకం పక్కన పెట్టుకొని చదువుతున్న రోజులు కావడం వల్లనేమో.

ఫిబ్రవరి లెక్క వేస్తుండగా పాడేరు పేరు ఎదురుగా పదకొండు రోజులు "ఊరికి" అని రాసి ఉండడం చూశాను. చేతిరాత అతనిదే. కానీ ఆ పదకొండు రోజులూ అతను ఊరికి వెళ్ళలేదు. నా పక్క మంచం మీదే పడుకున్నాడు. బయట తిన్నానని చెప్పిన రాత్రులు, బల్ల మీద కనిపించిన మరమరాల పొట్లాలు, నీళ్ళ సీసా నింపుకోవడానికి రెండేసి సార్లు లేచిన చప్పుడు, అన్నీ ఒక్కసారిగా వరుస కట్టి కనిపించాయి. జనవరి పేజీ తిప్పాను. తొమ్మిది రోజులు. నేను ఆ నెల బిల్లును నా చేతులతోనే కూడి, చక్కగా గీత గీసి, మొత్తం సరిపోయిందని సంతోషపడ్డాను.

అతనితో ఈ మాట ఎలా ఎత్తాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ ఆ వయసులో నేను అడగకపోవడమే మంచిదైందని నమ్ముతాను. అడిగితే మెస్సు మానేసి మరో దారి వెతుక్కొనేవాడు. రెండు రోజులు ఆలోచించి మాస్టారితో చెప్పాను. ఆయన ఉల్లిపాయలు తరగడం ఆపి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పనోడి కూడు లెక్కలోకి రాదు కదా బావూ" అన్నారు. వంట చేసేవారికి, వడ్డించేవారికి భోజనం మెస్సు ఖర్చులోనే పోతుంది, ఎవరి బిల్లులోనూ పడదు. ఆయన చెప్పదలచుకున్నది నాకు అర్థమైంది.

ఆ వారం మెస్సు మీటింగులో, అంతవరకు ఏ మీటింగులోనూ నోరు విప్పని నేను లేచి నిలబడ్డాను. సరుకులు తేవడానికి ఒక్కరే వెళుతున్నారు కాబట్టి మోసుకు రాలేక దగ్గర్లో దొరికినవి కొంటున్నారని, ఇద్దరు వెళితే జ్ఞానాపురం హోల్‌సేల్ మార్కెట్ నుంచే తేవచ్చని, తెల్లవారుజామున లేచి వెళ్ళేవారికి ఆ నెల బిల్లు తీసేయాలని చెప్పాలనుకొన్నాను. రాత్రంతా ఆ మాటలను శుద్ధమైన భాషలో కూర్చుకున్నాను కూడా. లేచాక ఒక్కటీ గుర్తుకు రాలేదు. "ఒక్కడెల్లి అంత సరుకు తేలేడండి. ఇద్దరెల్లాల. ఎల్లినోలకి ఆ నెల బిల్లు ఒగ్గీయాల" అన్నాను. ఎవరూ నవ్వలేదు. రోజుకు ఎంత మిగులుతుందని వెనక నుంచి ఒకరు అడిగారు. పుస్తకం తెరిచి అంకెలు చదివాను. ఎవరు వెళతారని అడిగారు. నేను వెళతానని, వృక్షశాస్త్రం వాడు కాబట్టి ఆకుకూరలు, కాయలు బాగా చూడగలడని పాడేరు పేరు చెప్పాను. అతను తల ఎత్తి నావైపు ఒకసారి చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

మార్చి నుంచి వారానికి మూడు రోజులు నాలుగు గంటలకు లేచి ఇద్దరం బయలుదేరేవాళ్ళం. పెద్ద సరుకు జ్ఞానాపురంలో, పప్పులు, చింతపండు, మసాలా దినుసులు పూర్ణా మార్కెట్‌లో, తాజా ఆకుకూరలు ఎంవీపీ కాలనీ రైతుబజారులో. వంకాయ తొడిమ చూసి ముదురో లేతో చెప్పడం, బస్తా అడుగు నుంచి పిడికెడు తీసి చూస్తే గాని టమాటా ధర ఒప్పుకోకపోవడం అతని దగ్గర నేర్చుకున్నాను. బేరం మాత్రం నాది. మార్కెట్‌లో హమాలీలు, ఆటోవాళ్ళు, గంపలు పెట్టుకొని కూర్చున్న అమ్మలు చాలామంది శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళ నుంచి వచ్చినవారే. నేను నోరు తెరిస్తే చాలు, "ఏ ఊరు నాయినా" అని అడిగి అర్ధరూపాయి తగ్గించేవారు. దాచుకున్న యాస అక్కడ అక్కరకు వచ్చింది. ఆటోలో బస్తాల మీద కూర్చొని తిరిగి వస్తుంటే, వాల్తేరు ఎత్తు ఎక్కే వేళకు కింద సముద్రం మీద వెలుగు రావడం మొదలయ్యేది. డాల్ఫిన్ నోస్ కొండ మీది దీపం అప్పటికింకా తిరుగుతూ ఉండేది.

పాడేరు పేరు ఎదురుగా ఆ తరవాత "ఊరికి" అన్న మాట, నిజంగా ఊరికి వెళ్ళినప్పుడు తప్ప, కనిపించలేదు.

పుస్తకం రాయడానికి, బిల్లులు అందించడానికి రోజూ గదుల వెంట తిరగడంతో నూట ఎనభై మందీ క్రమంగా నాకు మనుషులయ్యారు. ఎవరికి శనివారం ఒంటిపూట, ఎవరి తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు, ఎవరు రంజాన్ నెలలో తెల్లవారకముందే తింటారు, ఎవరికి పెరుగు పడదు, ఇవన్నీ పేజీ అంచుల్లో చిన్న అక్షరాలతో రాసుకొనేవాణ్ణి. ఆ మొదటి వారంలో నా మాటను తిరిగి పలికిన ఇద్దరిలో ఒకరు నాకు జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు పుస్తకం తానే రాశాడు. అతని అంకెలు ఇప్పటికీ గుర్తుపట్టగలను; ఏడుకు అడ్డగీత పెడతాడు.

భాష విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. రెండో ఏడాది ఆగస్టు 29న మా విభాగంలో తెలుగు భాషా దినోత్సవం జరిగింది. గిడుగు రామమూర్తి గారు 1863లో ఆ రోజున పుట్టిన పర్వతాలపేట మా జిల్లాలోనిదే, వంశధార ఒడ్డున ఉంటుంది. ఆయన పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకొన్న పర్లాకిమిడి మా ఊరికి దూరం కాదు. ఆ ప్రసంగానికి సిద్ధమవుతూ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం తెరిచాను. పల్లెపల్లెకూ తిరిగి రైతుల నోటి నుంచి సేకరించిన మాటలు అవి, ఏ మాట ఏ జిల్లాలో వినిపిస్తుందో గుర్తులతో సహా. మా నాన్న పొలంలో వాడే మాటలను ఒకరు శ్రద్ధగా విని, రాసుకొని, అచ్చు వేయించారని తెలియగానే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ సభలో మా ఊరి మాటలోనే ఇరవై నిమిషాలు మాట్లాడాను. మెస్సు మీటింగు జరిగి ఉండకపోతే ఆ వేదిక ఎక్కేవాణ్ణి కాదు.

సరిగ్గా ఫైలిన్ వచ్చిన తేదీకే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ వచ్చింది. ఒమన్ పెట్టిన ఆ పేరు అరబ్బీలో ఒక పిట్టదని రాజోలు చెప్పాడు. ఈసారి అతని కాగితం మీది గీత నేరుగా మా మీదికే వచ్చింది. చాలామంది ముందే ఊళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలిన అరవై మందికి పైగా శనివారం సాయంత్రమే డ్రమ్ములు, బకెట్లు, వంట గంగాళాలు కూడా నీళ్ళతో నింపి, బియ్యం బస్తాలను బల్లల మీదికి ఎక్కించాం. మాస్టారు చుట్టుపక్కల ఉండే మెస్సు పనివారి కుటుంబాలను కూడా రాత్రికే తీసుకువచ్చారు.

ఆదివారం ఉదయం నుంచి గాలి పెరుగుతూ పోయింది. ఆ చప్పుడును ఎలా వర్ణించాలో ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు చేతకావడం లేదు. కిటికీ రెక్కలు ఊడి ఎగిరిపోయేటప్పుడు కూడా వాటి చప్పుడు విడిగా వినిపించలేదు. అందరం పై అంతస్తులు వదిలి మెస్సు హాల్లో లోపలి గోడ వైపు చేరాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. కొందరు తలుపు తీయబోతే రాజోలు అడ్డంగా నిలబడ్డాడు. "ఇది తుఫాను కన్ను. గాలి మళ్ళీ వస్తుంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి" అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు అరిచాడు. అన్నట్టే కొద్దిసేపటికి వచ్చింది. మొదటి గాలికి ఒక వైపు వంగిన చెట్లు రెండో గాలికి రెండో వైపు విరిగాయి. తీరం దాటేటప్పుడు వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లని తరవాత లెక్క తేల్చారు.

సోమవారం తెల్లవారి మేడ మీదికి వెళితే, అంతవరకు చెట్ల చాటున ఉన్న సముద్రం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కనిపించింది. ఆ దృశ్యం చూసి ఎవరమూ మాట్లాడలేదు. నిలిచిన చెట్లకు కూడా ఒక్క ఆకు లేదు. పాడేరు కిందికి దిగి, పడిపోయిన చెట్ల మధ్య నడుస్తూ ఒక్కొక్క దాని మీద చెయ్యి వేసి పేరు చెప్పుకుంటూ వెళ్ళాడు. వేప, తురాయి, నిద్రగన్నేరు. ఫోన్లు లేవు, కరెంటు లేదు, మోటారు లేదు కాబట్టి కుళాయి లేదు. వాళ్ళ కొండ వైపు ఏం జరిగిందో తెలిసే మార్గం లేదు.

ఆ వారం మా మెస్సు నడిచిన తీరు నా జీవితంలో నేను చూసిన గొప్ప విషయాల్లో ఒకటి. గ్యాసు రెండో రోజుకే అయిపోతే పడిన కొమ్మలను నరికి బయట రాళ్ళ పొయ్యి పెట్టాం. పచ్చి కట్టె కాబట్టి పొగకు కళ్ళు తెరవలేకపోయేవాళ్ళం. ఉదయం అంబలి, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, రాత్రి అదే చారు. ఊళ్ళో పాల పాకెట్టు ధర ఎన్నో రెట్లు పలుకుతున్న ఆ రోజుల్లో పసిపిల్లలున్న పనివారి కుటుంబాలకు ముందు పెట్టి, తరవాత మేం తినేవాళ్ళం. రాత్రి పుస్తకం తెరిచాను. ఎవరెవరు తిన్నారో రాయాలి. హాస్టల్ వాళ్ళు, పనివారు, వారి పిల్లలు, రోడ్డు మీద చెట్లు నరుకుతూ ఆకలికి ఆగిన కూలీలు. వీటిని ఎవరి బిల్లులో వేయాలని అడిగాను. కొవ్వొత్తి వెలుగులో ఏడుకు అడ్డగీత పెట్టే మిత్రుడు నా చేతిలోంచి కలం తీసుకొని, అక్టోబరు 13 ఎదురుగా "అందరూ" అని రాశాడు. ఆ వారం పేజీలో అంతకుమించి ఏమీ లేదు.

గిన్నెలు కడగడానికి నీళ్ళు చాలవు కాబట్టి అందరి పళ్ళాలూ ఒకే తొట్టెలో ముంచి తీసి, ఒకే దొంతరగా పేర్చేవాళ్ళం. ఆకలి వేళ చేతికి ఏది అందితే అది తీసుకొనేవారు. నాలుగో రోజున మాడుగుల వైపు దారి తెరిచారని విని పాడేరు బయలుదేరాడు. మాస్టారు అతనికి అన్నం మూట కట్టి ఇచ్చారు. వారం తరవాత తిరిగి వచ్చాడు. ఇంట్లో వాళ్ళు క్షేమం. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరుసలకు వరుసలే కూలిపోయాయని చెప్పి, ఆ సాయంత్రం నుంచే మళ్ళీ సరుకుల సంచి పట్టుకున్నాడు. అందరూ తిరిగి వచ్చి మెస్సు మామూలు పద్ధతిలో పడ్డాక నా పళ్ళెం కోసం వెతికితే కనబడలేదు. నా చేతికి మిగిలింది రాజోలు పేరున్నది. అతను నవ్వి ఉంచుకోమన్నాడు. అప్పటికి బొటనవేలు ఎక్కడ పెడుతున్నానన్న ధ్యాస నాకు పోయి చాలా కాలమైంది.

2015 వేసవిలో పుస్తకాన్ని పలాస నుంచి వచ్చిన ఒక జూనియర్‌కు అప్పగించాను. పేజీ అంచుల్లో చిన్న అక్షరాలు ఎందుకున్నాయో వివరించడానికే గంట పట్టింది. రాజోలు ఇప్పుడు తుఫానుల మీదే పని చేస్తున్నాడు. మాస్టారు వంట మానేసి ఊళ్ళో ఉంటున్నారు. పండగకు వెళ్ళినప్పుడల్లా కంచిలిలో దిగి చూసి వస్తాను. నేను మా జిల్లాలోనే ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను.

గత మే నెలలో మోదకొండమ్మ జాతరకు రమ్మని పాడేరు పిలిచాడు. పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. ఘాట్ రోడ్డు మీద రాకపోకలు పెరిగాయి. అతని ఊరు మాత్రం అలాగే ఉంది. తోటలో కొత్తగా నాటిన సిల్వర్ ఓక్ చెట్లు రెండు నిలువుల ఎత్తు పెరిగి, వాటికి మిరియాల తీగెలు అల్లుకున్నాయి. జాతర నుంచి వచ్చేసరికి పొద్దు వాలింది. కాళ్ళు కడుక్కొని చాప మీద కూర్చున్నాం. వాళ్ళమ్మగారు నా ముందు పళ్ళెం పెట్టారు. అంచు మీద నా పేరు, దాని కింద మా ఊరి పేరు, పదేళ్ళ తోముడుకు కొంచెం అరిగి ఉన్నాయి. నేను తల ఎత్తి చూశాను. మిత్రుడు నీళ్ళ చెంబు నా పక్కన పెడుతూ, "ఆ రోజు మీటింగులో ఎందుకు నిలబడ్డావో నాకప్పుడే తెలుసురా" అన్నాడు.

వాళ్ళమ్మగారు అన్నం వడ్డించారు.